ప్రభుదాస్ అన్న వంతు

రాత్రి వాన పడలేదు. డిసెంబరు మొదటి వారంలో హైదరాబాదులో వాన ఎందుకు పడుతుంది? అయినా ఆ తెల్లవారుజామున ప్రభుదాస్ అన్న ఫోన్‌లో ప్రార్థన చేస్తూ, "రాత్రంతా కురిసిన వానకు నీకు స్తోత్రం తండ్రీ" అన్నాడు. అందరూ "ఆమేన్" అన్నారు. నేనూ అన్నాను. అన్నాక లేచి కిటికీ తెరిచి కిందికి చూశాను. బొగ్గులకుంటలో మా సందు ఎండిపోయి, దుమ్ము పట్టి ఉంది.

నా పేరు బెత్సీ. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో స్పీడ్‌పోస్ట్ కౌంటర్‌లో కూర్చుంటాను. "అన్నీ బట్టలే మేడమ్" అంటూ పార్సిల్ ముందు పెడతారు. ఊపి చూస్తే లోపల నూనె కదులుతుంది. ఆవకాయ. ఏళ్ల తరబడి ఇదే పని చేసిన మనిషికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. "నువ్వు పోలీసుల్ల చేరాల్సిన మనిషివే" అని మా ఆయన జెస్విన్ ఏడిపించేవాడు.

ఆ ఫోన్ ప్రార్థన సంగతి ముందు చెప్పాలి. లాక్‌డౌన్‌లో చర్చి మూతపడ్డప్పుడు మొదలైంది. మొదలుపెట్టింది ప్రభుదాస్ అన్నే. నాంపల్లి కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి, స్టేషన్ వెనక సందులో ఆయనా, లోయిస్ వదినా ఉంటారు. రోజూ ఉదయం ఐదింటికి మా సంఘంలో కొందరం ఎవరింట్లో వాళ్లం ఫోన్ పట్టుకొని ఒకే లైనులో కలుస్తాం. వంతులవారీగా ఒక్కొక్కరు ప్రార్థిస్తారు, మిగతావాళ్లు వింటారు. పేరు పిలిచేది నేను. ఎవరి గొంతు వాళ్లు మ్యూట్ చేసి మూసుకోవచ్చు గానీ, అందరివీ తెరిచే, మూసే బటన్లు నా ఫోన్‌లోనే ఉంటాయి. చర్చి తెరుచుకున్నా ఈ లైను మాత్రం ఆగలేదు.

జెస్విన్ రెండో వేవ్‌లో పోయాడు. ఆ తర్వాత ప్రార్థన అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఓదార్చడానికి వచ్చినవాళ్లందరినీ దాదాపు గెంటేశాను. ప్రభుదాస్ అన్న మాత్రం ఓదార్చలేదు. గుమ్మంలో నిలబడి, "బెత్సమ్మా, నువ్వేం మాట్లాడకు. రోజు గదే టైముకు, గదే జాగల కూసో. ఫోన్ చెవికి పెట్టుకో, చాలు. మనసు రాలేదని ఫికర్ చెయ్యకు. ముందు నువ్వు రా, అది నిదానంగ ఎన్కనుంచి వస్తది" అన్నాడు.

అలాగే కూర్చున్నాను. వంటింట్లో స్టవ్ పక్కన చిన్న స్టూలు. అలారం మోగితే లేవడం, ముఖం కడుక్కోవడం, ఆ స్టూలు మీద కూర్చోవడం. నెలల తరబడి నోరు తెరవలేదు. ఆయన ప్రార్థనకి ఒక దారి ఉంటుంది. ముందు దేవుణ్ణి పలకరిస్తాడు, తర్వాత ఊరు, తర్వాత లైనులో ఉన్న ఒక్కో ఇంటి గుమ్మం ముందూ ఆగి పేరుపేరునా అడుగుతాడు. నా దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగా తగ్గించేవాడు, నిద్రపోతున్న మనిషి పక్కన మాట్లాడినట్టు. ఒకరోజు ఆయన ఆమేన్ అనగానే నాకు తెలియకుండానే నేను అందుకున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, ఏడ్చానని మాత్రం గుర్తుంది. అప్పటినుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఆ గొంతు పట్టుకొని లేచినదాన్ని నేను. ఆ గొంతే దొంగదైతే నా ప్రార్థన మాటేమిటి? పడని వానకు స్తోత్రం విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, దాని అడుగున భయం కూడా ఉంది.

ఆ రోజే రత్నాకర్‌కి ఫోన్ చేశాను. లైనులో మొదటి వంతు అతనిదే. నల్లకుంటలో ఉంటాడు, అందరినీ వెనకేసుకొస్తాడు.

"అది ఆత్మీయ వర్షం అక్కా. పెద్దాయన మనలెక్క మాట్లాడ్తడా? లోతుంటది" అన్నాడు.

"మోరీలు నిండినయి, ముసలోళ్లు జారి పడకుండ కాపాడు అని కూడ అన్నడు కదా. ఆత్మీయ మోరీలు కూడ ఉంటయా?"

ఆఫీసుకి టైమవుతోందని రత్నాకర్ పెట్టేశాడు.

మర్నాడు కళ్లు మూసుకోలేదు. చెవులు రిక్కించి కూర్చున్నాను. "కృపగల తండ్రీ" అన్నాక చిన్న దగ్గు. "మా పట్టణమును" అన్న దగ్గర వెనక రైలు కూత. తర్వాత వాన, మోరీ కాలవలు. ఆ మర్నాడూ కృపగల తండ్రీ, దగ్గు, మా పట్టణమును, రైలు కూత. వారమంతా ఒక్కటే వరస. దగ్గు సంగతి వదిలేద్దాం, కొందరికి అలవాటుగా దగ్గు వస్తుంది. కానీ నాంపల్లిలో రైలు రోజూ సరిగ్గా ఆయన ఆ మాట అన్నప్పుడే కూస్తుందా? మన రైళ్లు అంత టైముకు ఎప్పుడు నడిచాయి?

రికార్డింగ్. ప్రభుదాస్ అన్న హాయిగా దుప్పటి కప్పుకొని పడుకుంటే, ఆయన బదులు ఫోన్ ప్రార్థన చేస్తోంది.

ఒక్కసారి ఆ మాట అనుకున్నాక మిగతావన్నీ వాటంతటవే వచ్చి చేరాయి. సెప్టెంబరు నుంచి ఆయన చర్చికి రావడం లేదు. మోకాళ్లలో నీరు చేరిందని, మెట్లు దిగలేడని లోయిస్ వదిన చెప్పింది. పాస్టరుగారు చూడటానికి వెళ్తే, "ఇప్పుడే పండుకున్నడు అయ్యగారూ" అని మెట్ల మీదనుంచే పంపించింది. మెట్లు దిగలేని మనిషి గొంతులో కాస్తయినా నీరసం ఉండదా? వానాకాలంలో ఎంత గట్టిగా ఉండేదో ఇప్పుడూ అంతే గట్టిగా ఉంది. ఇన్నాళ్లూ అలవాటుగా ఆమేన్ అన్నానే గానీ మాటలు చెవిన పెట్టలేదన్నమాట.

ఒక పరీక్ష పెట్టాను. ఆయన తర్వాత వంతు కేథరిన్ అక్కది. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు టీచరు, ఇప్పుడు రిటైరైంది. ప్రార్థనలో ఎవరి మాటైనా జారితే తర్వాత ఫోన్ చేసి మరీ సరిచేస్తుంది. గొంతు మూసుకోవడం మరిచి లైనులో పాలవాణ్ణి "గాడిదా" అన్న ఒకాయన, ఆమె పెట్టిన చీవాట్లకి మళ్లీ లైనులోకే రాలేదు. ఆమెకి మోకాలి ఆపరేషన్ దగ్గరపడింది. అందుకని ఆయన పేరు పిలిచేటప్పుడు, "అన్నా, ఇయ్యాల కేథరిన్ అక్క మోకాలి గురించి ప్రత్యేకంగ ప్రార్థన చేయుండ్రి" అన్నాను.

కృపగల తండ్రీ. దగ్గు. పట్టణం. రైలు. వాన. మోకాలి ఊసే లేదు. "అన్నా, మోకాలు మర్చిపోయిన్రు" అన్నాను. అప్పటికే అటువైపు గొంతు మూసేసుకున్నారు. ఆ పూట కేథరిన్ అక్క ప్రార్థన చిన్నబోయింది. తర్వాత నాకు ఫోన్ చేసి, "పొద్దున్నే నా పేరెత్తి అడిగించావు, ఆయనేమో పట్టించుకోలేదు. నేనేమైనా అపచారం చేశానా ఏంటమ్మా?" అని అడిగింది.

కౌంటర్‌లో నా పక్కన కూర్చునే భావనారాయణగారికి ఇదంతా చెప్పుకొని తిట్టుకున్నాను. ఆయన స్టాంపు వేస్తూనే, "అందులో తప్పేముందండీ? మా ఇంట్లో పొద్దున్నే శ్లోకాలన్నీ స్పీకరే చదువుతుంది. మా ఆవిడ ఆ టైములో ఉప్మా కలుపుతూ ఉంటుంది. దేవుడు ఏనాడూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ మంట తగ్గలేదు.

మంట తగ్గకపోగా అంటుకుంది. ఇప్పుడు ఎవరు ప్రార్థించినా నాకు రికార్డింగ్‌లాగే వినపడసాగింది. రత్నాకర్ రోజూ ఇశ్రాయేలులో బయలుదేరి, ఆఫ్రికా మీదుగా వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టు దాకా వస్తాడు, ఒక్క దేశం అటూ ఇటూ కాదు. కేథరిన్ అక్క ప్రార్థన పరీక్షకు బట్టీ పట్టిన పద్యంలా సాగుతుంది. చివరికి నా వంతు వచ్చి నోరు తెరిస్తే, నా మాటలూ నిన్నటివే, మొన్నటివే. మధ్యలో ఆపేశాను. "లైను సరిగ్గ లేదు" అని అబద్ధమాడాను. ఆ రోజు ఆ స్టూలు మీద కూర్చుంటే మళ్లీ జెస్విన్ పోయిన కొత్తల్లో ఉన్నట్టే ఉంది, ఎదురుగా స్టవ్, గోడ, ఇంకేం లేదు. ప్రభుదాస్ అన్న మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇచ్చినవాడే లాక్కున్నట్టు అనిపించింది.

శనివారం డ్యూటీ దిగి స్టేషన్ రోడ్డు పట్టుకొని నాంపల్లికి నడిచాను. లాడ్జిల ముందు ఆటోలు, సూట్‌కేసులు తోసుకుంటూ వచ్చే జనం, ఇరానీ హోటల్ బయట టీ తాగేవాళ్లు. వాళ్ల మధ్యనుంచి అన్న ఉండే సందులోకి తిరిగాను. రెండో అంతస్తు. గుమ్మం బయట ఆయన చెప్పులున్నాయి. వాటి మీద దుమ్ము పేరుకొని ఉంది, అది కూడా గమనించాను.

బెల్ కొడితే లోయిస్ వదిన తలుపు కొంచెమే తెరిచి, ఆ సందులోనే అడ్డంగా నిలబడింది. చిక్కిపోయింది. "అరే బెత్సీ, ఫోన్ చేసి రావొద్దా?"

"అన్నని చూద్దామని వచ్చిన వదినా."

"ఆయన లేడు. వాకింగ్‌కి పోయిండు."

"మెట్లు దిగలేడన్నవ్ కదా?"

ఆమె తలుపు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఒక మగ గొంతు గట్టిగా ఒక బూతు మాట అంది. ఆ మాట ఇక్కడ రాయను. అమ్మను కలిపి తిట్టే మాట. అడ్డం వచ్చిన బస్సుని చూసి ఆటోవాళ్లు అనేది. వెంటనే మళ్లీ అంది, ఇంకోసారి అంది.

"టీవీ" అంది వదిన. "సౌండు ఎక్కువైంది, ఉండు." తలుపు మూసింది. లోపల గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

ఏ టీవీలో వస్తుంది ఆ మాట, అదీ మూడుసార్లు? మెట్లు దిగి కిందికి వచ్చేశాను. అంతా అర్థమైందనుకున్నాను. తాగుతున్నాడు. సాయంత్రం కాకముందే తాగి, కట్టుకున్నదాన్ని బూతులు తిడుతున్నాడు. పొద్దున ఐదింటికి నిషాలో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, ఆమె పరువు కాపాడటానికి పాత ప్రార్థన వినిపిస్తోంది. ఈ మనిషి గొంతు విని కదా నేను లేచి కూర్చున్నది! సందు మలుపు దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నాను. ఊరికే వదలకూడదని అక్కడే తీర్మానించుకున్నాను. లైను నడుస్తుండగానే వెళ్లి పట్టుకోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ చెప్పి ఆయన పేరు లైనులోంచి తీసేయాలి.

మర్నాడు తెల్లారకముందే ఆటో ఎక్కాను. చలికి డ్రైవర్ చెవులకి మఫ్లర్ చుట్టుకున్నాడు. ఐదింటికి ఆటోలోనే లైను తెరిచాను. "నేను ఇయ్యాల బయట ఉన్న, చప్పుడైతే ఏమనుకోకుండ్రి. రత్నాకర్, నీ వంతు" అని నా గొంతు మూసుకున్నాను. రత్నాకర్ ఇశ్రాయేలులో బయలుదేరాడు. అతను లిఫ్టు దాకా వచ్చేలోపు నేను పైకి చేరితే చాలు.

పాల ప్యాకెట్లు తీసుకోవడానికి తెరిచి, గడియ పెట్టడం మరిచినట్టున్నారు. తలుపు ఓరగా ఉంది. తోసుకొని లోపలికి వెళ్లాను.

ముందు గదిలో లైటు వెలుగుతోంది. ప్రభుదాస్ అన్న పడుకొని లేడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల, చర్చికి తయారైనట్టు ఉన్నాడు. వంటింటి తలుపు ముందు నిలబడి ఎడమ చేత్తో దాన్ని దబదబా బాదుతున్నాడు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. ఆ తలుపు అవతల గడియ పెట్టి ఉంది.

"అన్నా" అన్నాను.

వెనక్కి తిరిగాడు. నన్ను చూడగానే ముఖం ఎంతగా విప్పారిందంటే, నేను అనుకొని వచ్చిన మాటలన్నీ మరిచిపోయాను. రెండడుగులు ముందుకు వేశాడు. కుడి కాలు ఈడుస్తున్నాడు. నోరు తెరిచి ఎంతో ప్రేమగా, రా అమ్మా అన్నట్టుగా, నిన్నటి ఆ బూతు మాట అన్నాడు.

నేను గుమ్మం దాకా వెనక్కి వచ్చేశాను. వాసన చూశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చూశాను. మందు వాసన లేదు. కొబ్బరినూనె, ఏదో లేపనం. ఆయన ఎడమ చేత్తో తన నోరు తనే గట్టిగా మూసుకున్నాడు. ఆ చేతి పైన కళ్లు నిండిపోయాయి.

వంటింటి గడియ తీసుకొని లోయిస్ వదిన బయటికి వచ్చింది. చేతుల్లో రెండు ఫోన్లు. ఒకదాంట్లోంచి రత్నాకర్ గొంతు వస్తోంది, నా ఫోన్‌లోంచీ అదే గొంతు. నన్ను చూసి నేల మీద కూలబడింది.

"చూసినవా? ఇగ పోయి అందరికి చెప్పు" అంది. తర్వాత అంతా ఒకేసారి గుమ్మరించింది. "సెప్టెంబర్ల మెదక్‌ల మా చెల్లె ఇంటికాడ ఉండంగ పక్షవాతం కొట్టింది. గాడనే దవాఖానల పది రోజులున్నం. పానం దక్కింది గాని మాట పోయింది. అన్ని తెలుస్తయి, అన్ని ఇంటడు, మనల్ని గుర్తుపడ్తడు. మాట్లాడబోతే గా ఒక్క మాటనే వస్తది. నీళ్లు కావాలన్నా గదే. నన్ను పిలవాలన్నా గదే. డాక్టర్‌ని అడిగితే, కొందరికి పాట మిగుల్తది, కొందరికి లెక్కలు మిగుల్తయి, ఈయనకి గిది మిగిలిందమ్మా అన్నడు. ఇన్నేండ్లు కాపురం చేసిన బెత్సీ. గా మాట ఆయన నోట ఒక్కపారన్న ఇనలే."

"మాకు చెప్తే ఏమైతుండె వదినా?"

"ఏం చెప్పాలె? పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెడ్తే గా మాట అంటడు. లోపల ఉన్నదే నోట్లకెళ్లి వస్తదని అందరు అనరా? ప్రార్థనపరుడు అనుకున్నం, కడుపుల గిది దాసుకున్నడా అనరా? దయ్యం అనరా? వానాకాలంల మా చెల్లెకు పంపనీకి ఆయన ప్రార్థన ఫోన్ల పట్టిన. అదే పెడ్తున్న. ఈయనకు నచ్చదు. లైను మొదలైతే తలుపు బాదుతడు, రికార్డింగ్ షురూ అయితే ఊకుంటడు. నేను గడియ పెట్టుకొని పెడ్త."

నిజం చెబుతాను. నాకు జాలి కంటే ముందు అనుమానమే వచ్చింది. ఎక్కడో విన్నాడు కాబట్టే కదా ఆ మాట మిగిలింది, ఎప్పుడో మనసులోనైనా అనుకున్నాడు కాబట్టే కదా అని. ఎవరైనా అంటారని వదిన భయపడుతున్న ఆ మాటని, అక్కడ నిలబడి మొట్టమొదట అనుకున్నది నేనే. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోన్‌లో రత్నాకర్ ఆమేన్ అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఇక రెండో వంతు. నేను పేరు పిలవాలి.

"పిలువు బెత్సీ" అని వదిన రికార్డింగ్ ఉన్న రెండో ఫోన్ ఎత్తి పట్టుకుంది. "ఈ ఒక్కరోజు నన్ను కానియ్యి. రేపు నువ్వే ఏదో ఒకటి చెప్పి పేరు తీసెయ్."

నా గొంతు తెరిచాను. "ప్రభుదాస్ అన్నా, మీ వంతు" అన్నాను.

ఆయన అడ్డంగా తల ఊపుతూ వదిన చేతిలోని ఫోన్‌ని పక్కకి తోశాడు. నా వైపు చెయ్యి చాచాడు. లాక్కోలేదు, అడిగాడు. నేను ఫోన్ ఇచ్చేశాను. "వద్దు, వద్దు" అంటూ వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన కుర్చీలో కూర్చొని ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. పనిచేసే చేత్తో పనిచేయని చేతిని ఎత్తి, రెండూ కలిపి, కళ్లు మూసుకున్నాడు. ఆ మాట అన్నాడు.

నేను పక్కనే నిలబడ్డాను. వేలు చాపితే అందేంత దూరంలో ఉంది, లైను మొత్తం గొంతు మూసే బటన్. కేథరిన్ అక్క వింటోంది. ఇళ్లల్లో పిల్లలు లేచి ఉంటారు. చాపాను కూడా. చాపిన వేలు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే ఆయన మాట్లాడుతున్నది నాకు అర్థమవుతోంది.

మాట ఒక్కటే, కానీ రాగం ఆయనది. మొదట నెమ్మదిగా, పెద్దవాళ్లని పలకరించినట్టు. అది కృపగల తండ్రీ. కాస్త గొంతు పెంచి ఊరి గురించి. తర్వాత ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ వచ్చాడు. ఒకచోట ఎడమ చెయ్యి విడదీసి తన మోకాలి మీద పెట్టుకొని, నిమురుతూ, బతిమాలుతూ ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. ఆ రోజు నేను అడిగింది ఆయన విన్నాడు. రోజూ అందరివీ విన్నాడు. గడియ పెట్టిన తలుపుకి ఇవతల ఇన్నాళ్లూ ఈ ప్రార్థనే జరిగింది, మేం వినలేదు, అంతే.

తర్వాత గొంతు బాగా తగ్గించాడు, నిద్రపోతున్న మనిషి పక్కన మాట్లాడినట్టు. అది నా ఇల్లు. నా పేరు అక్కడ పలకలేదు, పలికింది ఆ బూతే, అయినా నా పేరు నాకు వినపడింది. ఎన్ని పూటలు విన్నానో ఆ చోటుని, పొరపాటుపడే ప్రశ్నే లేదు. నిలబడే ఏడ్చాను. వేలు వెనక్కి తీసుకున్నాను.

ఆయన ముగించాడు. చివర ఆమేన్ కూడా ఆ మాటే అయింది. కళ్లు తెరిచి, ఏం చేశానో తెలుసన్నట్టు భయంగా మా ఇద్దరినీ చూశాడు.

లైనులో ఎవరూ ఆమేన్ అనలేదు. తెర మీద ఒక పేరు మాయమైంది, వెంటనే ఇంకొకటి. ఎవరివో నాకు తెలుసు, చెప్పను. ఫోన్ ఆయన ఒళ్లోనే ఉండగా వంగి మాట్లాడాను. "నేను బెత్సీని. అన్న ఇంట్లనే ఉన్న. అన్నకి పక్షవాతం వచ్చింది. మాటలన్ని పోయి ఈ ఒక్కటే మిగిలింది. వదిన భయపడి పాత రికార్డింగ్ పెట్టింది, ఇన్ని రోజులు మనం ఇన్నది అది. ఇప్పుడు మీరు ఇన్నది ప్రార్థన. నేను పక్కనుండి చూసిన, నన్ను నమ్ముండ్రి." నన్ను నమ్మమని ఎవరినైనా అడగడం నాకు అలవాటు లేదు. 

 ఇక నాకు తెలిసిన పని ఒక్కటే, తర్వాతి పేరు పిలవడం. "కేథరిన్ అక్కా, మీ వంతు" అన్నాను.

 లైను తెగలేదు, ఆమె ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినపడుతోంది. వదిన నేల మీదే కూర్చొని కళ్లు గట్టిగా మూసుకుంది, చెంపదెబ్బ కోసం చూస్తున్నట్టు. కేథరిన్ అక్క గొంతు సవరించుకుంది.

"తండ్రీ," అంది. తరగతి గదిలో చివరి బెంచీకి కూడా వినపడే ఆ గొంతు. "ప్రభుదాస్ గారు చేసిన ప్రార్థనతో నేను ఏకీభవిస్తున్నాను." ఆగింది. రోజూ వరసగా వచ్చే వాక్యాల కోసం వెతుక్కుంటోందనుకున్నాను. కానీ వెతుక్కోలేదు. "ఆయన అంతా అడిగేశారు. నేను కలపడానికేమీ లేదు. ఆమేన్."

"ఆమేన్" అన్నాడు రత్నాకర్, ముక్కు ఎగబీలుస్తూ. "ఆమేన్" అని మరికొన్ని గొంతులు.

ప్రభుదాస్ అన్న ఎడమ చేత్తో ఫోన్‌ని నోటి దగ్గరికి ఎత్తుకున్నాడు. వదిన ఆపబోయి ఆగింది. ఆయన నిండు గొంతుతో, మర్యాదగా, ఆ మాట అన్నాడు.

"వందనాలండీ ప్రభుదాస్ గారూ," అంది కేథరిన్ అక్క.